అనుపానము: అన్నమునకు తోడైన పానము



గడచిన మాఘమాసమున ఒకనాటి సాయంకాలము మా యూరి రైతు యొకరు మా యింటికి వచ్చి, అరుగుమీద కూర్చుండి, చాలసేపు మాటలాడక నేలచూపులు చూచుచుండెను. పంటల సంగతి యడిగితిని. ముక్తసరిగా బదులు చెప్పెను. తుదకు తానే నోరు విప్పెను. ఆయన కుమారుడు నా యొద్ద నాలుగేండ్లు తెలుగు చదువుకొనినవాడు. బుద్ధిమంతుడు. ఇప్పుడు పట్టణమున మంచి యుద్యోగము చేయుచున్నాడు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడెల్ల రాత్రి భోజనమునకు ముందు సీసా తెరచుట యతనికి అలవాటైనదట. తండ్రి మందలింపగా అతడు కోపగింపలేదు, సిగ్గుపడనూ లేదు. పైపెచ్చు శాస్త్రము చెప్పెను. "మాంసమునకు మద్యము అనుపానమని మన వైద్యగ్రంథములే చెప్పినవి. ఏ భోజనమునకు ఏ ద్రాక్షమద్యము తగునో ఐరోపావారు ఒక విద్యగా నేర్చుకొందురు. నీకు తెలియక తిట్టుచున్నావు" అనెనట.

"పంతులుగారూ, మీరు శాస్త్రము చదివినవారు. వాడు చెప్పినది నిజమా, అబద్ధమా? ఒక్క మాట చెప్పండి" అని ఆయన నన్నడిగెను.

అబద్ధమని చెప్పియుందునేని ఆ తండ్రి సంతోషముతో లేచి పోయెడివాడు. కాని ఆ మాట గ్రంథమున ఉన్నది. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు సత్యము పలుకుడని చెప్పిన నోటితో దానిని లేదనజాలనైతిని. "రేపు రండి, చూచి చెప్పెదను" అంటిని. ఆ రాత్రి పుస్తకములు దింపి దీపము దగ్గర కూర్చుంటిని. నేటి ప్రసంగము నాడు ఆయనకు నేను చెప్పిన సమాధానమే; కొంచెము విస్తరించి చెప్పుచున్నాను.

మొదట పదార్థము తెలిసికొందము. 'అను' అనగా వెంబడి; 'పానము' అనగా త్రాగుట, త్రాగెడు వస్తువు. అన్నమును వెంబడించు పానము అనుపానము. మన యిండ్లలో ఈ మాట మందుల విషయమున మాత్రమే మిగిలినది. వైద్యుడు చూర్ణమిచ్చి, "తేనె అనుపానము" అనును. మాత్రయిచ్చి, "పాలు అనుపానము" అనును. కాని పూర్వము ఈ మాట భోజనమునకును చెల్లినది. చరకసంహిత సూత్రస్థానమున 27వ అధ్యాయము, సుశ్రుతసంహిత సూత్రస్థానమున 46వ అధ్యాయము, వాగ్భటుని అష్టాంగహృదయమున సూత్రస్థానపు 8వ అధ్యాయము దీనిని విచారించినవి. అన్నమును తడుపుట, మెత్తబరచుట, విడదీసి జీర్ణమగుటకు తోడ్పడుట, తృప్తి కలిగించుట అనుపానము చేయు పనులని ఆ గ్రంథములు చెప్పుచున్నవి.

ఏ యన్నమునకు ఏ పానము తగునను దానికి ఆ గ్రంథకర్తలు చెప్పిన సూత్రము చాల చిన్నది. దానికి రెండంగములు. పానము అన్నపు గుణములకు విపరీతమై యుండవలెను, ఇది మొదటిది. శరీరమందలి ధాతువులకు విరోధి కాకుండవలెను, ఇది రెండవది. పొడిగా నుండు తిండికి తడి, బరువైన తిండికి తేలికయైనది, జిడ్డుగలదానికి జిడ్డును కోయునది తోడు కావలెను. అయినను ఆ తోడు దేహమునకు శత్రువు కారాదు. ఈ రెండంగములను శ్రోతలు మనస్సున నుంచుకొనవలెనని ప్రార్థించుచున్నాను. మన రైతు తెచ్చిన తగవు తీరుట దీనిమీదనే యాధారపడియున్నది.

ఈ సూత్రము ననుసరించి వాగ్భటుడు వరుసగా చెప్పుకొని పోయెను. యవలు, గోధుమలు, పెరుగు, తేనె తినినప్పుడు చన్నీరు. పిండితో చేసిన వంటలకు వేడినీరు. కూరలు, పెసలు మొదలగు వానికి పెరుగుమీది తేట, మజ్జిగ, పుల్లని కంజి. చిక్కిన వారికి సుర, స్థూలకాయులకు తేనె కలిపిన నీరు. క్షయించుచున్నవానికి మాంసరసము. రోగముచేతను, నడకచేతను, ఉపవాసముచేతను, ఎండచేతను, పనిచేతను, మాటలాడి మాటలాడి యలసిపోవుటచేతను నీరసించిన వారికిని, వృద్ధులకును, బాలురకును పాలు అమృతతుల్యము. ఈ వరుస నడుమనే, మాంసమునకును, జఠరాగ్ని మందగించినవానికిని మద్యము అను మాటయు నున్నది. దాచి లాభము లేదు.

ఈ పట్టికలో మన పల్లెటూరి వంట ఎంత గోచరించుచున్నదో చూడుడు. పప్పుకూరలు తిని మజ్జిగతో ముగించు ఆచారము మనకెవ్వరును పుస్తకము చూచి నేర్పలేదు. కలినీళ్లను కుండలో పులియబెట్టి తరవాణియని తెల్లవారి త్రాగిన మన తాతలకు 'కాంజికము' అను పేరు తెలియకపోవచ్చును; వస్తువు తెలియును. గారెలు, బూరెలు తినినపిమ్మట వేడినీరు త్రాగుమని మా అవ్వ యనుచుండెడిది. ఆమెకు అక్షరము రాదు.

నీరు ఎప్పుడు త్రాగవలెను? భోజనము నడుమ త్రాగువాడు సమమైన దేహము కలవాడును, తుదను త్రాగువాడు స్థూలుడును, మొదట త్రాగువాడు కృశుడును అగునని వాగ్భటుని మాట. ఎంత త్రాగవలెను? కడుపును నాలుగు భాగములుగా భావించి, రెండు భాగములు అన్నముతోను, ఒక భాగము పానముతోను నింపి, నాలుగవ భాగమును వాయుసంచారమునకు ఖాళీగా విడువవలెను. ఎవరు త్రాగరాదు? ఎక్కిళ్లు, ఉబ్బసము, దగ్గు గలవారును, రొమ్మున గాయముగలవారును, భోజనము కాగానే పాడువారును, ఉపన్యసించువారును, చదువువారును అనుపానము త్రాగరాదని చరకుడు నిషేధించెను. ఈ నిషేధమును చదివినప్పుడు నాకు నవ్వు వచ్చినది. మధ్యాహ్నము గబగబ భోజనము చేసి, చెంబెడు నీళ్లు త్రాగి, పరుగున తరగతికి పోయి గొంతెత్తి పద్యము చదివినవాడను నేను. త్రేనుపులతో పద్యము తెగుచుండ పిల్లలు నవ్వెడివారు. పుస్తకము నా బీరువాలోనే యుండెను. నేను దానిని ఆ దృష్టితో చదివినవాడను కాను.

ఇక ఆ చిన్నవాడు చెప్పిన ఐరోపావారి విద్య సంగతి. దానినిగూడ తెలిసికొనకుండ తీర్పు చెప్పుట న్యాయము కాదు.

ఫ్రాన్సు, ఇటలీ, స్పెయిను దేశములలో ద్రాక్షరసమును పులియబెట్టి చేయు పానమును 'వైను' అందురు. నల్లద్రాక్షను తొక్కతోడను గింజలతోడను పులియబెట్టినచో ఎఱ్ఱవైను వచ్చును. తొక్కను తీసివేసి రసమును మాత్రము పులియబెట్టినచో సాధారణముగా తెల్లవైను వచ్చును. తొక్కలోను గింజలోను 'టానిను' అను పదార్థము కలదు. దాని రుచి యేమి? మనకు షడ్రసములు కలవు గదా: తీపి, పులుపు, ఉప్పు, కారము, చేదు, వగరు. వక్కలోను, కరక్కాయలోను, పచ్చి అరటికాయలోను, నేరేడుపండులోను ఉన్న వగరే టానిను. అది నోటి లాలాజలమందలి మాంసకృత్తులను పట్టుకొని నాలుకను ఎండబెట్టినట్లు చేయును. కనుక ఎఱ్ఱవైను వగరు. తెల్లవైనులో వగరు తక్కువ, పులుపు ఎక్కువగా తెలియును.

ఇది తెలిసినపిమ్మట వారి నియమములు సులభముగా బోధపడును. కాల్చిన మాంసమునకు బోర్డో ప్రాంతపు ఎఱ్ఱవైనువంటి వగరుగల పానమును జతచేయుదురు. మాంసమున క్రొవ్వు, మాంసకృత్తులు ఉన్నవి. అవి వగరును మెత్తబరచును, వగరు ఆ జిడ్డును కోయును. జిడ్డు స్నిగ్ధము, వగరు రూక్షము, ఒకదానికొకటి విపరీతము. మన సూత్రపు మొదటి యంగము ఇదియే గదా! చేపలకు తెల్లవైను వాడుదురు. దాని పులుపు మనము చేపముక్కపై పిండుకొను నిమ్మరసము చేయు పనినే చేయును. ఎఱ్ఱవైనుతో చేపలు తినిన కొన్ని సమయములలో నోట నీచువాసన నిలుచుటకు వైనునందలి ఇనుము కారణమని 2009వ సంవత్సరమున జపాను దేశపు పరిశోధకులు తెలిపిరి. అనుభవముచే ఏర్పడిన ఆచారమునకు హేతువు తరువాత దొరకినది. ఇట్లు జరుగుట లోకమున పరిపాటి.

మరియొక నియమము: ఏ నేలలో ఏ తిండి దొరకునో ఆ నేల పానమే దానికి తోడు. ల్వారునది సముద్రమున కలియు నాంతు పట్టణ ప్రాంతమున మస్కదే అను తెల్లవైను చేయుదురు. అచ్చటి సముద్రమున దొరకు ఆల్చిప్పలకు దానిని జతచేయుదురు. వైనుకు ఊరిపేరు పెట్టుటయు వారి యాచారమే. ఏ యూరి పేరు ఏ వైనుకు చెల్లునో నిర్ణయించుటకు ఫ్రాన్సు దేశమున 1935లో ప్రత్యేక శాసనము చేసిరి. ఇది వారికే క్రొత్తగా తోచినదని యనుకొనరాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రపు రెండవ అధికరణమున సురాధ్యక్షుని గూర్చి చెప్పుచు, ద్రాక్షరసముతో చేసినది 'మధువు' అనియు, అది పుట్టిన దేశమునుబట్టి కాపిశాయనము, హారహూరకము అని పిలువబడుననియు వ్రాసెను. కాపిశి యనునది నేటి కాబూలునకు ఉత్తరమున నుండిన నగరము.

అయితే వారి నియమములన్నియు విపరీత సూత్రమునకు లోబడవు. తీపి వంటకమునకు అంతకంటె తీపియైన వైను కావలెనందురు. ఇది సమానమునకు సమానమే. కారణము మనకు తెలిసినదే. లడ్డు తినినవెంటనే కాఫీ త్రాగి చూడుడు. చక్కెర వేసిన కాఫీయు చప్పగా చేదుగా తోచును. ఉప్పగా నుండు రోక్‌ఫోర్ అను జున్నుతో సోతెర్న్ అను తీపివైనును త్రాగుదురు. ఉప్పునకు తీపి తోడగుట, పులుసులో బెల్లపుముక్క వేయు మన గృహిణులకు క్రొత్త సంగతి కాదు.

ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. ఐరోపావారి విద్య ప్రధానముగా నాలుకను గూర్చినది. ముద్దకును గుటకకును నోటిలో ఎట్టి పొందిక కుదిరినదని వారు విచారింతురు. మన శాస్త్రము గొంతు దిగినతరువాతి సంగతిని విచారించును: అది జీర్ణమగునా, ధాతువులకు మేలా కీడా అని. రెండును విద్యలే. కాని ఒకదాని తీర్పును రెండవదానికి అంటగట్టరాదు.

మరియొక చిక్కు మన వంటలో ఉన్నది. చరకవాగ్భటులు మిరపకాయ నెరుగరు. అది అమెరికా ఖండమున పుట్టి, 1498లో పోర్చుగీసువారు మన పడమటితీరము చేరినపిమ్మట ఈ దేశమునకు వచ్చినది. మిరపకారము నీటిలో కరగదు; కనుక చెంబెడు నీళ్లు త్రాగినను మంట తగ్గదు. మద్యము ఆ మంటను మరింత రేపును. పాలలోని మాంసకృత్తులు కారమును నాలుకనుండి విడిపించి కొనిపోవును. ఆవకాయ అన్నము తిని పెరుగునకు చేయి చాచుటలో ఉన్న మర్మమిదియే. గుంటూరు కారము తిను మనకు ఫ్రాన్సు దేశపు పట్టిక యథాతథముగా పనికిరాదని ఆ దేశపు విద్య తెలిసినవారే యొప్పుకొందురు. మన భోజనమునకు ఈ నేల పానము మజ్జిగ. రక్తపుపోటు గలవారు మాత్రము దానిలో ఉప్పు తగ్గించుకొనవలెను.

ఇక తీర్పు. మరునాడు రైతు వచ్చినప్పుడు, "మీవాడు చెప్పినది అబద్ధము కాదు" అని మొదటనే చెప్పితిని. ఆయన ముఖము వాడినది. "కాని అది సగము మాట. మిగిలిన సగము వినుడు" అని ఈ క్రింది నాలుగు సంగతులు చెప్పితిని.

మొదటిది, అనుపానమను పేరులోనే నియమమున్నది. అన్నము రాజు, పానము సేవకుడు. అన్నమునకు ముందు వచ్చునది అనుపానము కాదు. మీవాడు ముందు సీసా తెరచి, దానిలోనికి నంజుగా వేపుడుముక్కలు తెప్పించుకొని, చిట్టచివర రెండు ముద్దలు తినియు తినకయు లేచుచున్నాడు. అచ్చట పానమే రాజు. అన్నము నంజు అయినది. చరకుడు చెప్పినది దీనికి పూర్తిగా తలక్రిందు.

రెండవది, ఎవరికి చెప్పెనో చూడవలెను. జఠరాగ్ని మందగించినవారికి, నిద్రపట్టనివారికి, శోకభయములచే క్రుంగినవారికి, అదివరకే మద్యమాంసములు అలవాటైనవారికి అని చరకుని విశేషణములు. ఆరోగ్యవంతుడైన యువకుడు క్రొత్తగా అలవాటు చేసికొనవలెనని ఆయన ఆజ్ఞ కాదు.

మూడవది, ఏ మద్యమును గూర్చి చెప్పెనో చూడవలెను. గ్రంథమందలి మార్ద్వీకము ద్రాక్షరసమును పులియబెట్టినది. అట్టి వైనులో మద్యసారము సామాన్యముగా నూటికి 12 మొదలు 14 పాళ్లు. నేడు మన దుకాణములలో విస్కీ, బ్రాందీ అని అమ్ముదానిలో నూటికి 42.8 పాళ్లు. ఒక దాని పేరున మరియొకటి త్రాగుట పాలని చెప్పి సున్నపునీరు త్రాగుటవంటిది.

నాలుగవది ముఖ్యమైనది. సూత్రపు రెండవ యంగమేమి? ధాతువులకు విరోధి కారాదు. అదే చరకుడు చికిత్సాస్థానమున 24వ అధ్యాయమందు మద్యమునకు పది గుణములు చెప్పి, అవి దేహమందలి ఓజస్సుయొక్క పది గుణములకును విరుద్ధములని స్పష్టపరచెను. వాగ్భటుడు ఆ గుణములే విషమందును కలవనెను. అనగా మాంసమునకు విపరీతమను మొదటి పరీక్షలో గెలిచిన మద్యము, రెండవ పరీక్షలో మాత్ర మించిన మరుక్షణముననే యోడినది. ఇక ఆధునికులు మాత్ర విషయమున మరింత కఠినులు. మద్యము కాన్సరు కలిగించు వస్తువని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే నిర్ణయించినది. ఇంతవరకు త్రాగిన ఆరోగ్యమునకు అపాయము లేదని చెప్పదగిన పరిమాణమేదియు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 జనవరిలో ప్రకటించినది. మన ధర్మశాస్త్రములు సురాపానమును పంచమహాపాతకములలో చేర్చిన సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వైద్యుడు 'ఇది ఈ పని చేయును' అని చెప్పును. చేయదగునా యను ప్రశ్నకు వైద్యగ్రంథమొక్కటే సమాధానము కాదు.

ఆయన అంతయు విని, "అయితే వానికి మీరే చెప్పండి" అనెను. నేను చెప్పలేదు. మరునాడు ఆ చిన్నవాడు నన్ను చూడవచ్చినప్పుడు తెలుగు తాత్పర్యముతో కూడిన పుస్తకమును చేతికిచ్చి, పూర్వము తరగతిలో వలెనే పైకి చదువుమంటిని. అనుపాన ప్రకరణము గడగడ చదివెను. పిమ్మట పుటలు త్రిప్పి 24వ అధ్యాయము చూపితిని. కొంతదూరము చదివి, గొంతు తగ్గించి, తరువాత మనస్సులోనే చదువుకొనెను. "మాస్టారూ, నేను మొదటిది ఎక్కడనో చూచితిని. ఇది చూడలేదు" అనెను. అంతకంటె నేనేమియు అడుగలేదు, అతడేమియు ప్రమాణము చేయలేదు. ఆ రాత్రి సీసా తెరచెనో లేదో నాకు తెలియదు. సంక్రాంతికి మరల వచ్చినప్పుడు, ఆ మిగిలిన అధ్యాయము చదువవలెనని పుస్తకమును ఎరువడిగి తీసికొనిపోయెను. తండ్రి మజ్జిగ చెంబును కుమారుని విస్తరి దగ్గర పెట్టుట మానలేదట. కుమారుడు దానిని ప్రక్కకు జరుపుటయు మానెనట.

పెద్దలారా, మన పిల్లలు నేడు శాస్త్రవాక్యములతోను, దేశదేశముల యాచారములతోను మనయెదుట నిలుచుచున్నారు. అట్టివేళ "అది అబద్ధము" అని కసరుట సులభము. కాని అది నిజమని వారికి తెలిసిననాడు మన తక్కిన మాటలన్నియు అబద్ధములుగనే వారికి తోచును. సగము వాక్యము తెచ్చినవానికి మిగిలిన సగము చూపుట మన పని. అందుకు మనము ముందుగా పూర్తిగా చదివియుండవలెను.